కాలవ కట్టేసిన నెల

ఏప్రిల్ 28, సోమవారం

చేతిరాత బాగోదు. తప్పులు కూడా దొర్లుతాయి. ఏడో తరగతిలో బడి మానాక పెద్దగా రాసింది లేదు. కాగితమే ఓర్చుకోవాలి. మనుషుల ముందు నాకు నోరు పెగలదు, అందుకని ఇక్కడ.

ఇవాళ్టికి కాలవ పూర్తిగా ఎండింది. ఏటా వేసవిలో కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదిలేదాకా ఇంతే. అడుగున నత్తగుల్లలు, ఒంటి చెప్పులు, కిందటేడు నిమజ్జనం చేసిన వినాయకుడి వెదురు చట్రం. మా సత్రం మెట్లు చివరిదాకా బయటపడ్డాయి. ఏడాది మొత్తంలో వాటికి ఎండ తగిలేది ఇప్పుడే.

దిగి చూశాను. పడవలు కట్టే ఇనప కడియాలు తుప్పు పట్టాయి కానీ గోడను వదల్లేదు. మూల రాతికి గాడి. తాడు ఒరుసుకుని ఒరుసుకుని పడిన గాడి. నా చూపుడు వేలు అందులో సరిగ్గా పట్టింది. రాయి అలా అరగాలంటే ఎన్ని పడవలు వచ్చి ఉండాలి...

పైనుంచి అత్తయ్య — "ఏం పోగొట్టుకున్నావమ్మా అక్కడ?"

ఏమీ లేదని తల ఊపాను.

మే 1, గురువారం

ఈయన అన్నం తింటూ చెప్పారు. సత్రం కమిటీ తీర్మానం అయిపోయిందట. మొత్తం పడగొట్టేస్తారు. కింద షట్టర్ల దుకాణాలు, పైన ఫంక్షన్ హాలు.

"మరి మనం?"

"కొత్తదాంట్లో కూడా వాచ్‌మన్ పని నాకే ఇస్తామన్నారు. కట్టేదాకా గుంటూరులో అన్నయ్య దగ్గరుందాం."

"అరుగు?"

"మొత్తం పోతుంటే అరుగేంటి నీకు?"

వీధివైపు నుంచి గోడలు కూల్చే పొక్లెయిన్ పట్టదు. ఎదురుగా ఆటో వస్తేనే ఇంకో ఆటో మలుపుదాకా వెనక్కి పోవాల్సిన వీధి ఇది. అందుకని యంత్రాన్ని పెద్ద వంతెన దగ్గర కాలవలోకి దించి, అడుగునే నడిపించుకుంటూ తెస్తారట. నీళ్ళు వదిలేలోపు పని అయిపోవాలి. వదిలాక మళ్ళీ వచ్చే వేసవిదాకా ఎవరూ ఏమీ చేయలేరు.

సామాను సర్దుకోమని తొందరపెట్టడానికి చెప్పారు అదంతా. నాకు వినపడింది మాత్రం చివరి మాటే.

మే 2

నీళ్ళు వచ్చేదాకా. అంతే కదా. నీళ్ళు వచ్చేదాకా నిలిస్తే ఏడాది నిలిచినట్టే.

మే 5, సోమవారం

రేపల్లె బండి వచ్చిందని మా వీధికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండుచేపల వాసన ముందొస్తుంది, నాగరత్నం పిన్ని వెనకొస్తుంది. స్టేషన్ నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చి మా అరుగు మీదే దించుతుంది. ఆమెతోపాటు వచ్చేవాళ్ళు కూడా. కాసేపటికి ఇడ్లీ బండి. తరవాత కత్తులు సాన పట్టే తాత, పూలమ్మి, స్టీలు సామాన్లకి పాతబట్టలు అడిగే ఆమె. ఎండ ముదిరితే అందరూ టేకు స్తంభాల నీడకి చేరతారు. పడవలు ఉన్న రోజుల్లో ధాన్యం తెచ్చినవాళ్ళు పడుకోవడానికి కట్టిన అరుగట అది. పడవలు పోయాయి, అలిసినవాళ్ళు పోలేదు.

పెళ్ళై వచ్చిన కొత్తలో తలుపు సందులోంచి చూస్తూ ఉండేదాన్ని. పిన్నే ఒకరోజు అరిచింది — "తలుపుతో మాట్లాడతావేంటే? ఇట్రా, ఈ తట్ట పట్టు." అంతే. ఎవరమ్మాయివి అనలేదు, ఎంత చదివావు అనలేదు. "ఇంకా ఏమీ లేదా?" అని పొట్టవైపు చూడలేదు.

ఆ ప్రశ్న లేని చోటు ఈ ఊళ్ళో నాకు అదొక్కటే. దాన్ని పడగొడతారట.

మే 6

పిన్నితో చెప్పాను. నవ్వేసింది. "పోనీలే అమ్మడూ, వంతెన కింద కూర్చుంటాం. చేపలకి ఎండ కొత్తా?"

నాకు నవ్వు రాలేదు. అది చూసి ఆమె కూడా ఆపేసింది. కాసేపటికి అంది — "సత్రం అంటే కట్టినవాళ్ళది కాదే. దిగినవాళ్ళది."

మే 9, శుక్రవారం

కమిటీ కార్యదర్శి గారు స్కూటరు దిగుతూనే ముక్కుకు రుమాలు పెట్టుకుని ఈయన్ని పిలిచారు. "ఏంటయ్యా ప్రసాదూ, సత్రం ముందు ఈ నీచు కంపు? రేపు ఆఫీసరెవరైనా చూట్టానికొస్తే వాడుకలో ఉందనుకుంటారు. ఖాళీగా కనపడాలి."

వాడుకలోనే ఉంది కదా. అనాలనుకున్నాను. గడపలో నిలబడి కొంగు మెలిపెట్టుకోవడం తప్ప ఏమీ చేయలేదు.

సాయంత్రానికి ఈయన అరుగు పొడుగునా తడికలు కట్టేశారు.

మే 10

ఆడవాళ్ళు పొద్దున తట్టలతో వచ్చి, తడికలు చూసి, రోడ్డు మీదే నిలబడ్డారు. ఎవరూ తట్ట దించలేదు. అదే భరించలేకపోయాను.

కూరలు తరిగే కత్తి తెచ్చి తాళ్ళు కోసేశాను. తడికలు పారేయలేదు, స్తంభాల మీదనుంచి ముందుకు వాల్చి కట్టాను. ఇప్పుడు నీడ ఇంకో బారెడు ముందుకొచ్చింది.

ఈయన వచ్చి చూసి — "ఎవరు కోశారు?"

"నేనే."

గొంతు గట్టిగా వచ్చింది. నాదేనా అనిపించింది.

అత్తయ్య లోపలినుంచి — "నోరు లేదు నోరు లేదు అనుకుంటే కత్తి ఉందిరా దీనికి!"

మే 11

ఈయన మాట్లాడటం లేదు. తడికలు తీయనూ లేదు.

మే 16, శుక్రవారం

ఒకటి చూశాను. రాసుకోవాలి.

మధ్యాహ్నం కార్యదర్శి గారు మళ్ళీ వచ్చారు. మొహం చూస్తే తెలుస్తోంది, ఇవాళ అందరినీ లేపి పంపేద్దామనే వచ్చారు. ఆ సమయానికి నాగరత్నం పిన్ని అరుగు చివర కూర్చుని క్యారేజీ విప్పుకుని తింటోంది. ఆయన నోరు తెరిచి, మూసుకున్నారు. మొహం పక్కకు తిప్పుకున్నారు. ఎండలో, చెమటలు కారుతూ, స్కూటరు పక్కన అలాగే నిలబడ్డారు. పిన్ని కావాలనే ముద్ద ముద్దకీ మజ్జిగ తాగుతూ తిన్నది. చెయ్యి కడుక్కుని మూత పెట్టాకే ఆయన మొదలుపెట్టారు — "ఏమ్మా, నీకు సిగ్గులేదా, ఎన్నిసార్లు చెప్పాలి..."

తిట్లన్నీ తిట్టారు. కానీ తినేదాకా ఆగారు.

మే 17

అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపరు. నన్ను ఎవరూ ఎప్పుడూ లేపలేదు. మా నాన్న ఎంత కోపంలో ఉన్నా మా కంచాల ముందు మాట్లాడేవాడు కాదు. శత్రువునైనా లేపరు. వీళ్ళూ లేపరు.

పొద్దుటినుంచి బుర్రలో ఇదే తిరుగుతోంది. అంట్లు తోముతుంటే గిన్నె జారి పడింది.

మే 21, బుధవారం

బాపట్లకి ఫోను. అమ్మ అక్కడ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పంక్తి భోజనాల సంగతి ఆమెను మించి ఎవరికి తెలుసు.

"ఎంతమందికే?"

"తెలీదమ్మా."

"ఎంతమందికో తెలీకుండా వంటేంటే! అయితే పప్పుచారు పెట్టు. మనుషులు పెరిగేకొద్దీ నీళ్ళు పొయ్యొచ్చు."

ఎందుకని అడిగింది. చెప్పాను.

"అన్నం మాడనివ్వకు," అంది. పెట్టేసింది.

మే 27, మంగళవారం

ఈయన చెప్పారు. శుక్రవారం యంత్రం వస్తుందట. వేరే చోట పని అయిపోగానే నేరుగా ఇటే.

అత్తయ్య — "శుక్రవారం పూట గోడలు కూలుస్తారట్రా ఎవరైనా?"

"మళ్ళీ దొరకదటమ్మా."

నీళ్ళ సంగతి అడిగాను. ఒకరు రెండు మూడు రోజుల్లో అంటారట, ఒకరు పదో తారీకు తరవాతే అంటారట. ఎవరికీ సరిగ్గా తెలియదు.

మే 28

పిన్నితో మాట్లాడాను. మాట్లాడటమంటే... మొదటి మాట వచ్చేసరికి ఆమె తట్ట సగం ఖాళీ అయింది. వినగానే తొడ చరిచింది. "తినమంటే కాదనేదెవరే? మా రేపల్లె బండి మొత్తం దించేస్తా."

ఇడ్లీ బండి అతనికి ఆమే చెప్పింది. పూలమ్మికి నేను చెప్పాను. పొద్దుగూకేసరికి వీధి చివరిదాకా పాకిపోయింది. బియ్యం ఎవరు ఇచ్చారో, కందిపప్పు ఎక్కడిదో రాయను. అరిటాకులు కొల్లిపర వైపు నుంచి మోపులుగా వచ్చాయి. అది మాత్రం రాయొచ్చు, వీధంతా చూసింది.

మే 29

సత్రం వంటగది బూజు దులిపాను. ఇత్తడి గుండిగ చింతపండు పెట్టి తోమాను. ఈయన వాకిట్లో కూర్చుని ఆ చప్పుడు వింటూనే ఉన్నారు. ఏంటని అడగలేదు. అడిగితే కమిటీకి చెప్పాల్సి వస్తుందని అడగలేదేమో.

పొయ్యిలో పుల్లలు పేర్చి ఉంచాను.

మే 30, శుక్రవారం

చేతులు ఇంకా పసుపు వాసన. వరసగా రాయాలి, లేకపోతే నమ్మలేను.

తొమ్మిదింటికి పొక్లెయిన్ కాలవ అడుగున బురద తొక్కుకుంటూ వచ్చింది. గట్టు మీద తిరునాళ్ళలా జనం. యంత్రం మెట్ల ఎదురుగా ఆగి మెడ ఎత్తింది. దాని నీడ అరుగు మీద పడింది. నేను వంటగది కిటికీలోంచి చూస్తున్నాను. అన్నం ఇంకా ఉడుకు రాలేదు. పొయ్యి ఊదుతున్నాను, కళ్ళ నీళ్ళు. ఇప్పుడు మొదలుపెట్టేస్తే అయిపోయినట్టే.

కార్యదర్శి గారు రావడమే ఆలస్యంగా వచ్చారు. చేతిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. యంత్రానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ ఎత్తారు.

అప్పుడు మా అత్తయ్య గడపలోంచి — "రాహుకాలం వచ్చేసింది కదండీ బాబుగారూ!"

ఆయన చెయ్యి పైనే ఆగిపోయింది. గడియారం చూసుకున్నారు. పక్కవాళ్ళు చూసుకున్నారు. పదిన్నర దాటింది. శుక్రవారం పన్నెండింటిదాకా రాహుకాలమే. "అంత పెద్ద సత్రం... దోషం కదండీ," అని ఎవరో గొణిగారు. ఆయన కొబ్బరికాయ దించారు. "సరే, పన్నెండింటికి."

అత్తయ్య కావాలని అన్నారో, అలవాటు కొద్దీ అన్నారో. నా వైపు చూడలేదు.

పన్నెండయ్యేసరికి గుండిగ దిగింది. కూల్చడానికి ముహూర్తం పెట్టుకుని, అందరికీ ఆకలేసే వేళకి వచ్చి నిలబడ్డారు పెద్దమనుషులు.

తలుపు తీసి అరుగు మీదకి వచ్చాను. అంతమంది. తల ఎత్తలేదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా ఆకులు పరిచాను. నీళ్ళు చిలకరించాను. ఒక్కటే మాట వచ్చింది.

"కూర్చోండి."

పిన్ని ముందు కూర్చుంది. పక్కన ఆమెవాళ్ళు. సాన పట్టే తాత, పూలమ్మి, ఆటోవాళ్ళు. అరుగు నిండితే మెట్ల మీద కూడా.

వడ్డించబోతుంటే వెనకనుంచి గరిటె లాక్కున్నారు అత్తయ్య. "ముందు ఉప్పు వెయ్యాలని కూడా తెలీదా? మీ అమ్మ నేర్పిందిదేనా? జరుగు!" ఇక ఆవిడే. కొంగు బిగించి, పంక్తి పొడుగునా.

కార్యదర్శి గారు మెట్ల కింద కాలవలో నిలబడి — "ఏంటిది? ఎవరు పెట్టమన్నారు? లేవండి, లేవండి!"

ఎవరూ లేవలేదు. పిన్ని ముద్ద కలుపుతూ — "తమరు లేపండి బాబూ. చెయ్యి పట్టుకుని లేపండి. లేస్తాం."

ఆయన ఈయన వైపు తిరిగారు. "నువ్వు చెప్పవయ్యా నీ భార్యకి!"

ఈయన యంత్రం పక్కన నిలబడి ఉన్నారు. నన్ను చూశారు. ఆకుల్ని చూశారు. తల దించుకున్నారు.

"తింటున్నారండి," అన్నారు.

అంతే. ఆ ఒక్క మాటే.

అప్పుడు కార్యదర్శి గారు డ్రైవరు మీద పడ్డారు. "నువ్వు మొదలుపెట్టవయ్యా, పక్కగోడ దగ్గర. వాళ్ళే లేస్తారు." డ్రైవరు కుర్రవాడేం కాదు, నెరిసిన మీసం. ఇంజను ఆపేసి దిగాడు. "మాది చేబ్రోలండి. పంక్తి మీద దుమ్ము పోశానని తెలిస్తే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదండి." మెట్లెక్కి వచ్చి, చెప్పులు విడిచి, నా ముందు నిలబడి — "నాకూ ఒక ఆకెయ్యమ్మా."

మొదటి పంక్తి లేచేలోపు రెండోది ఆకులు పట్టుకుని సిద్ధంగా ఉంది. రెండోదాని వెనక మూడోది. నేను ఎవరినీ ఎదిరించలేదు. ఎవరికీ జవాబు చెప్పలేదు. "ఇంకొంచెం అన్నం? ఇంకాస్త చారు?" పొద్దు వాలేదాకా అదే మాట. చివరికి చారులో పప్పు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎవరూ వద్దనలేదు.

నాలుగింటికి డ్రైవరు — "ఇవాళ్టికి నా టైమైపోయిందండి."

కొబ్బరికాయ పగలకుండానే కార్యదర్శి గారి స్కూటరు మీద వెనక్కి వెళ్ళింది.

మే 31, శనివారం

మళ్ళీ వండాం. మళ్ళీ కూర్చున్నారు. ఇవాళ తొమ్మిదింటికే మొదలు, రాహుకాలాన్ని నమ్ముకోలేదు. వీధి ఆ చివరివాళ్ళు కూరలు తెచ్చారు. పిన్ని ఎండురొయ్యలు వేసి గోంగూర చేసింది. అత్తయ్య మొదట మూతి తిప్పారు, తరవాత గిన్నె అంచు వేలితో తీసి రుచి చూశారు. నేను చూశానని ఆవిడ చూశారు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు.

ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు ఎవరెవరో. కొంగు కప్పుకున్నాను. తరవాత తీసేశాను. కనపడనీ.

కార్యదర్శి గారు ఇవాళ మెట్ల దగ్గరికి రాలేదు. గట్టు మీద నిలబడి ఈయన్ని పిలిపించుకున్నారు. దూరంనుంచి చూశాను — ఆయన వేలు ఆడుతోంది, ఈయన తల ఆడటం లేదు.

జూన్ 1, ఆదివారం

యంత్రం కదల్లేదు. డ్రైవరు ఊరెళ్ళాడు. కాలవలో పిల్లలు దాని చుట్టూ దాగుడుమూతలు.

ఈయన నిన్న జరిగింది ఇవాళ చెప్పారు. సోమవారం పొద్దున్నే వంటగదికి తాళం వెయ్యాలి. వేస్తే కొత్తదాంట్లో పని. వెయ్యకపోతే పని లేదు, గది లేదు, సాయంత్రానికి సామాను వీధిలో.

"నువ్వేం చెయ్యమంటావు?"

నన్ను ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. అడిగినందుకు చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు.

"తాళం మీ చేతిలో ఉంది. వండటం నా చేతిలో ఉంది."

"మొండిదానివి పద్మా."

"అవునండి."

పైన నీళ్ళు వదిలారని సాయంత్రం ఎవరో అన్నారు. ఇంకొకరు అబద్ధమన్నారు. మెట్లు దిగి వెళ్ళి చూశాను. బురద ఎండి పలకలు పలకలుగా లేచింది. చెమ్మ కూడా లేదు.

ఇది ఎవరి చేతిలోనైనా పడితే పొయ్యిలో పెట్టండి అని రాద్దామనుకున్నాను. ఆడవాళ్ళు అలాగే రాస్తారు కదా. రాయను. ఎవరికి దొరికితే వాళ్ళు చదువుకోండి. చేసింది నేనే.

జూన్ 2, సోమవారం

లేచేసరికి ఈయన లేరు. టీ కూడా పెట్టుకోలేదు. వంటగది తలుపుకు తాళం.

వేసింది ఈయనేనా, తాళంచెవులు లాక్కుని వాళ్ళు వేశారా, తెలియదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. బియ్యం, గుండిగ, గరిటెలు అన్నీ లోపలే.

అత్తయ్య తాళం వైపు చూశారు. నా వైపు చూశారు. మా గదిలోకి వెళ్ళి, మేం ముగ్గురం వండుకునే గిన్నె, డబ్బాలో మిగిలిన బియ్యం తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇంతే ఉన్నాయి."

రేపల్లె బండి ఇంకా రాలేదు. డ్రైవరు వచ్చాడు, ఇంజను తుడుస్తున్నాడు. గట్టు మీద స్కూటరు ఆగిన చప్పుడు.

సత్రంలో పొయ్యి లేకపోతే కాలవలో పెడతాను. సరిగ్గా ఆ యంత్రం ముందు. మూడు రాళ్ళు అక్కడే ఉన్నాయి, పుల్లలు నా ఒళ్ళో ఉన్నాయి. ఇది మూసేసి దిగుతున్నాను.

ఉడికేది నలుగురికే. డ్రైవరుకు ఒక ఆకు. పిన్నికి ఒకటి. కార్యదర్శి గారు వస్తే ఆయనకీ వేస్తాను, తింటే తిననీ. నాలుగోది వేసి, నీళ్ళు చిలకరించి ఉంచుతాను. ఈయన ఎటువైపునుంచి వస్తారో...